నమ్మకం పోయినంక కూడా ఓటేయాలా? నల్లగొండ, పాలమూరు మిత్రులు మనసు విప్పి చెప్పండి

డిండి_కుర్రోడు (దేవరకొండ)
అందరికీ నమస్తే. నాది దేవరకొండ దగ్గర ఊరు. హైదరాబాద్‌లో రూమ్ తీసుకుని గ్రూప్స్‌కు చదువుతున్నాను. మొన్న ఊరికి పోతే నాన్నతో పెద్ద గొడవ అయింది. ఇక మీద ఓటు వేయనని నేనన్నాను. ఓటు వేయనివాడికి అడిగే హక్కు లేదని నాన్న అన్నాడు. రెండు రోజులు మా ఇంట్లో సరిగ్గా మాటల్లేవు.

నా బాధ ఇది. నేను చిన్న బడిలో ఉన్నప్పుడు మొదలైంది ఎస్సెల్బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం. 44 కిలోమీటర్లు తవ్వి శ్రీశైలం నీళ్లు మనకు తెస్తామన్నారు. మధ్యలో ప్రభుత్వాలు మారాయి, రాష్ట్రమే మారింది. సొరంగం మాత్రం పూర్తి కాలేదు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. ప్రతి ఎన్నికలో ఆ నీళ్ల పేరు చెప్పి ఓట్లు అడిగారు, మా ఇంట్లో అందరూ వేశారు.

సరే, పని కాలేదు, కనీసం మనం గెలిపించినవాడు మన పార్టీలో ఉన్నాడా? 2018లో గెలిచిన కాంగ్రెస్ ఎమ్మెల్యేల్లో 12 మంది 2019కల్లా అప్పటి అధికార పార్టీ టీఆర్ఎస్‌లో కలిశారు. 2023 తర్వాత అదే పని అటు నుంచి ఇటు జరిగింది. అలాంటప్పుడు నా వేలి మీద సిరాకు విలువేంటి?

నీతులు చెప్పకండి దయచేసి. మీ ఊళ్లో చూసింది చెప్పండి.

మాడరేటర్
మంచి చర్చ. ఒక్క మాట: ఫలానా పార్టీకి వేయండి, వేయొద్దు అనే పోస్టులు తీసేస్తాను. మిగతాదంతా మాట్లాడుకోండి.

మునుగోడు_పత్తిరైతు
తమ్మీ, ఓటు వేసేవాళ్లందరికీ నమ్మకం ఉందనుకుంటున్నావా? 2022 నవంబర్ 3న మా దగ్గర ఉప ఎన్నిక జరిగింది. 93 శాతం పోలింగ్. దేశమంతా మా గురించే టీవీలో చూసింది. ఆ 93 శాతంలో ఎంతమందికి నాయకుల మీద నమ్మకం ఉందని అడిగితే నేను చెప్పలేను. దసరా నుంచి ఊరంతా మాంసం, మందు. ఎవరికి ఎంత ముట్టింది, ఎవరికి ముట్టలేదు అన్నదే ముచ్చట. కొన్ని ఊళ్లల్లో మాకు రాలేదని జనం రోడ్డెక్కారు, అది కూడా టీవీలో వచ్చింది.

డబ్బు తీసుకోవడంలో తప్పేముంది, మన డబ్బే కదా అంటారు. తీసుకుని నచ్చినవాడికి వేస్తాం అంటారు. వేసినవాళ్లు ఉన్నారు, అదీ నిజమే. కానీ తర్వాత ఏమైందో చెప్తాను. మా ఊరి నుంచి పత్తి మిల్లు దాకా పోయే రోడ్డు బాగా పాడైంది. ఆరుగురం కలిసి ఒక నాయకుడి దగ్గరికి పోయాం. ఆయన కూర్చోమనలేదు. "మీకు ఇయ్యాల్సింది అప్పుడే ఇచ్చినం గదా" అన్నాడు. మాలో డబ్బు తీసుకోని వాళ్లు ఇద్దరున్నారు. వాళ్లు కూడా తల వంచుకుని బయటికి వచ్చారు. ఓటుకు వాళ్లు పెట్టిన ధర అంత దూరం మన వెంట వస్తుంది.

అందుకే నేను ఓటు మానేయమని చెప్పను. డబ్బు మానేద్దామని చెప్తా. మా ఇంట్లో మానేశాం. దాని వల్ల అన్నదమ్ముల్లో కూడా మాటలు పడ్డాం, అయినా మానేశాం.

సోమశిల_అక్క (కొల్లాపూర్)
డిండి తమ్ముడు చెప్పిన పార్టీ మార్పుల బాధ మా కొల్లాపూర్‌కు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. 2018లో ఒకాయన కాంగ్రెస్ తరఫున గెలిచాడు, టీఆర్ఎస్ మంత్రి ఓడాడు. గెలిచినాయన కొద్ది నెలలకే టీఆర్ఎస్‌లో కలిశాడు. 2023లో ఓడిన మంత్రి కాంగ్రెస్‌లోకి వచ్చి, అదే మనిషి మీద గెలిచాడు. మనుషులు వాళ్లే, కండువాలు మారాయి. ఆ పార్టీకి అని ఓటు వేసిన మా మామగారు, ఈ పార్టీకి అని వేసిన మా ఆయన, ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ఆ 2023లోనే కర్నె శిరీష నిలబడింది. మీ అందరికీ బర్రెలక్కగా తెలుసు. డిగ్రీ చదివి ఉద్యోగం రాక బర్రెలు కాసుకుంటున్నానని వీడియో పెట్టిన అమ్మాయి. ఈల గుర్తు. ఐదు వేల పైచిలుకు ఓట్లు వచ్చాయి. డిపాజిట్ కూడా దక్కలేదని చాలామంది తీసిపారేశారు. నాకు మాత్రం అలా అనిపించలేదు. డబ్బు పంచకుండా, వెనక కులపెద్దలు లేకుండా, ఒక పేదింటి ఆడపిల్లకు ఐదు వేల మంది బటన్ నొక్కారంటే ఆ ఐదు వేల మంది ఎవరు? నీలాంటి వాళ్లే తమ్ముడూ. ఎవరినీ నమ్మనివాళ్లే. ఇంట్లో పడుకుని ఉంటే వాళ్లు ఉన్నారని ఎవరికీ తెలిసేది కాదు.

రిటైర్డ్_పంతులు (సూర్యాపేట)
నేను చాలా ఎన్నికలకు ప్రిసైడింగ్ ఆఫీసర్‌గా డ్యూటీ చేశాను. నమ్మకం ఉంటేనే ఓటు వేయాలన్న మాట దగ్గరే నాకు పేచీ ఉంది.

మన జిల్లా మొదటి ఎన్నికనే చూడండి. 1952లో రావి నారాయణరెడ్డి గారు నల్లగొండ నుంచి లోక్‌సభకు నిలబడ్డారు. సాయుధ పోరాటం విరమించి అప్పటికి కొన్ని నెలలే. హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉండటంతో పీడీఎఫ్ (పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్) పేరుతో పోటీ చేశారు. నెహ్రూ కన్నా ఎక్కువ మెజారిటీతో గెలిచారు. ఆ ఓట్లు వేసినవాళ్లు ప్రభుత్వాన్ని నమ్మి వేశారా? దొరల గడీలు, రజాకార్లు, ఆ తర్వాత ఊళ్లల్లో మిలిటరీ క్యాంపులు చూసినవాళ్లు వాళ్లు. ఇళ్లల్లో మనుషులను పోగొట్టుకున్నవాళ్లు. నమ్మకమే కావాలనుకుంటే ఆ రోజు ఒక్కరు కూడా పోలింగ్ స్టేషన్‌కు వచ్చి ఉండరు.

డిండి_కుర్రోడు (దేవరకొండ)
సార్, గౌరవంతోనే అడుగుతున్నాను. అంత మెజారిటీ ఇచ్చిన జిల్లాకు ఏం దక్కింది? మర్రిగూడ, చండూరు వైపు పిల్లలు ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంకర్లు పోయి పెరిగారు. 1952 నుంచి ఎన్ని ఎన్నికలు జరిగాయి? ప్రతిసారి వేశారు కదా. ఆ పిల్లల ఎముకలను ఏ ఓటు కాపాడింది?

రిటైర్డ్_పంతులు (సూర్యాపేట)
నువ్వు అడిగింది న్యాయమైన ప్రశ్న నాయనా. దానికి జవాబు కూడా ఈ జిల్లాలోనే ఉంది కానీ అది అంత తేలికైన జవాబు కాదు.

1996 లోక్‌సభ ఎన్నికల్లో దుశ్చర్ల సత్యనారాయణ గారి జల సాధన సమితి పిలుపుతో ఫ్లోరైడ్ ఊళ్ల జనం గుంపులుగా నామినేషన్లు వేశారు. నల్లగొండ స్థానానికి మొత్తం 480 మంది బరిలో నిలిచారు. బ్యాలెట్ పేపరు పుస్తకం అయింది. ఆ ఎన్నికకు నేను డ్యూటీలో ఉన్నాను. ముసలివాళ్లు గుర్తు వెతుక్కోలేక పేజీలు తిప్పుతూ నిలబడితే, క్యూ బయటి దాకా పోయింది. బ్యాలెట్ పెట్టెలు చాల్లేదు. మాకందరికీ టెన్షన్. అయినా ఆ రోజు మా స్టాఫ్‌లో ఎవరూ ఆ 480 మందిని తిట్టలేదు, ఎందుకు నిలబడ్డారో అందరికీ తెలుసు కాబట్టి. గెలిచింది సీపీఐ నుంచి బొమ్మగాని ధర్మభిక్షం గారు. కానీ నల్లగొండ నీళ్ల సంగతి దేశమంతా తెలిసింది ఆ పుస్తకం వల్లే.

తర్వాత ఏం చేశారో కూడా చెప్పాలి. అదే ఏడాది చట్టం సవరించి లోక్‌సభకు డిపాజిట్‌ను 500 నుంచి 10,000కు పెంచారు. ఇండిపెండెంట్‌కు పది మంది ప్రతిపాదించాలన్నారు. ఇప్పుడు డిపాజిట్ 25,000. అంటే పేదవాడు మళ్లీ అలా గుంపుగా నిలబడకుండా తలుపు వేశారు. అది నాకు కడుపు మంట. కానీ తలుపు వేశారంటే, వాళ్లకు అక్కడి నుంచి ఏదో తగిలిందనే కదా అర్థం?

అమ్రాబాద్_బిడ్డ
సార్ చెప్పిన దాంట్లోనే నాకు వేరే మాట కనిపిస్తోంది. 1996లో పని చేసింది ఓటు వేయడం కాదు. జనం ఒక్కటై వ్యవస్థను ఇబ్బంది పెట్టడం. నామినేషన్ దానికి దొరికిన సాధనం, అంతే.

మా నల్లమలలో 2019లో యురేనియం గొడవ వచ్చింది. ఎన్నికలు అంతకు ముందే అయిపోయాయి. అసెంబ్లీవి 2018 డిసెంబర్‌లో, లోక్‌సభవి 2019 ఏప్రిల్‌లో. ఇంకో నాలుగేళ్లు మా ఓటు ఎవరికీ అక్కర్లేదు. అయినా అమ్రాబాద్, పదర ఊళ్లల్లో బంద్‌లు చేశాం, చెంచుపెంటల నుంచి ఆడవాళ్లు వచ్చి కూర్చున్నారు, హైదరాబాద్‌లో కవులు, సినిమావాళ్లు గొంతు కలిపారు. సెప్టెంబర్ 16న అసెంబ్లీ యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. ఏ బటన్ నొక్కితే వచ్చింది అది?

ఐదేళ్లకోసారి ఓటు వేసి నా బాధ్యత అయిపోయింది అనుకునేవాళ్ల కన్నా, ఓటు వేయకపోయినా ఏడాదంతా కొట్లాడేవాళ్లు నాకు ఎక్కువ. నేను గత రెండు ఎన్నికల్లో వేయలేదు. దానికి సిగ్గుపడటం లేదు.

మునుగోడు_పత్తిరైతు
చెల్లే, తప్పు పట్టడం లేదు, అడుగుతున్నా. ఆ తీర్మానం చేసినవాళ్లు ఎందుకు చేశారు? మీ బంద్ చూసి భయపడ్డారు. ఎందుకు భయపడ్డారు? మీరంతా మళ్లీ ఒకరోజు లైన్లో నిలబడతారని. మీరెవరూ ఎప్పటికీ ఓటు వేయరని వాళ్లకు గ్యారంటీగా తెలిస్తే ఆ తీర్మానం వచ్చేదా?

అమ్రాబాద్_బిడ్డ
వచ్చేదేమో. పోలీసులతో అణచలేనంత మంది బయటికి వస్తే ఓటు లేకున్నా భయపడతారు. కానీ మీ ప్రశ్న గట్టిదే అన్నా. ఆలోచిస్తాను.

కోస్గి_మేస్త్రి (ఇప్పుడు ముంబై)
చదువుకున్నవాళ్లు మాట్లాడుకుంటుంటే మధ్యలో వస్తున్నా. మాది పాలమూరు లేబర్ బతుకు. మా నాయన మట్టి పని చేశాడు, నేను సెంట్రింగ్, తాపీ పని చేస్తాను. మాకు నమ్మకం సంగతి తర్వాత, దారి ఖర్చు సంగతి ముందు.

ఓటు ఊళ్లో ఉంది. పని ఇక్కడ ఉంది. 2024 మే 13న లోక్‌సభ ఓటుకు పోవాలంటే రానూపోనూ బస్సు, పోయిన కూలి, అన్నీ కలిపితే పిల్లల స్కూలు ఫీజు ఒక వాయిదా. అసెంబ్లీ ఎన్నికలకైతే పార్టీలవాళ్లే బస్సులు పెడతారు, దారిలో తిండి పెడతారు. పెట్టినవాడి మాట వినాలి. వద్దంటే బస్సు ఎక్కనివ్వరు. ఓటు వేసి తిరిగొచ్చాక మా బస్తీ వైపు మళ్లీ ఎవరూ రారు.

2023 జనవరిలో ఎక్కడున్నవాళ్లు అక్కడే ఓటు వేసే మిషన్ అని ఎన్నికల సంఘం ఢిల్లీలో పార్టీలకు చూపించిందని విన్నాను. ఒక్క మిషన్‌లో 72 నియోజకవర్గాల ఓట్లు వేయొచ్చట. మేమంతా సంబరపడ్డాం. పార్టీలు చాలావరకు వద్దన్నాయి, అనుమానాలున్నాయన్నాయి. అంతటితో ఆ ముచ్చట ఆగింది. వాళ్ల అనుమానాల్లో నిజం ఉండొచ్చు. కానీ మా గురించి వేరే దారి ఎవరూ చెప్పలేదు.

తమ్ముడూ, నువ్వు హైదరాబాద్‌లో ఉండి దేవరకొండకు రెండు మూడు గంటల్లో పోతావు. పోగలిగి పోనన్నవాడివి నువ్వు. పోవాలని ఉండి పోలేనివాళ్లం మేము. మా ఇద్దరినీ లెక్కలో ఒక్కటే గీత కింద రాస్తారు, ఓటు వేయనివాళ్లని. అది నాకు మంచిగా అనిపించదు.

డిండి_కుర్రోడు (దేవరకొండ)
అన్నా, మీ పోస్టు రెండుసార్లు చదివాను. ఏం రాయాలో తెలియడం లేదు.

లా_స్టూడెంట్ (నల్లగొండ)
ఓటు వేయకపోవడం నిరసన అనుకునేవాళ్లకు చట్టం సంగతి చెప్తాను.

నోటా, అంటే అభ్యర్థుల్లో ఎవరూ వద్దనే బటన్, 2013 సెప్టెంబర్ 27 నాటి సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చింది. అంతకు ముందు కూడా 49-ఓ అనే నిబంధన ఉంది. రిజిస్టర్‌లో సంతకం పెట్టాక ఓటు వేయనని చెప్తే అధికారి అది రాసుకుని మళ్లీ సంతకం చేయించుకుంటాడు. కానీ అందరి ముందు చెప్పాలి, రహస్యం ఉండదు. అందుకే కోర్టు బటన్ పెట్టమంది. అయితే నోటాకు అందరికన్నా ఎక్కువ ఓట్లు వచ్చినా ఎమ్మెల్యే, ఎంపీ ఎన్నికల్లో తర్వాతి స్థానంలో ఉన్నవాడే గెలుస్తాడు. మహారాష్ట్ర, హర్యానాలో స్థానిక ఎన్నికలకు మాత్రం 2018లో నోటా గెలిస్తే మళ్లీ ఎన్నిక అని ఉత్తర్వులు ఇచ్చారు. మన దగ్గర కూడా అలా రావాలని నేను గట్టిగా కోరుకుంటాను.

ఇక అసలు వేయకపోవడం. 2023లో హైదరాబాద్ పాతబస్తీలోని యాకుత్‌పురాలో పోలింగ్ 40 శాతం కూడా కాలేదు. మునుగోడులో 90 దాటింది. అసెంబ్లీలో ఆ ఇద్దరు ఎమ్మెల్యేల చేతికి ఒకే విలువ. తక్కువ మంది వేశారని యాకుత్‌పురా ఎమ్మెల్యే అధికారంలో కోత ఏమీ పెట్టలేదు. మన మౌనాన్ని ఎవరూ లెక్కపెట్టరు.

ఎక్స్_వార్డుమెంబర్ (నిడమనూరు)
నేను ఒకసారి వార్డు మెంబర్‌గా చేశాను. మహిళా రిజర్వేషన్‌లో వచ్చిన సీటు. మొదట్లో మీటింగ్‌కు మా ఆయన్ని పంపమనేవాళ్లు. నేనే పోయి కూర్చున్నాను.

లా తమ్ముడు మౌనాన్ని లెక్కపెట్టరు అన్నాడు. నేనైతే లెక్కపెడతారనే అంటాను, మనకు నష్టం వచ్చేలా. ఎన్నిక అయ్యాక ఏ బూత్‌లో ఎవరికి ఎన్ని పడ్డాయో ఫారం 20లో వస్తుంది. నాయకుల దగ్గర ఆ కాగితం ఉంటుంది. మా మండలంలో సీసీ రోడ్ల పంపకం జరిగినప్పుడు ఆ కాగితం టేబుల్ మీద పెట్టుకుని మాట్లాడటం నా కళ్లతో చూశాను. ఈ తండా మనది, ఈ తండా వాళ్లది, ఈ వాడ నుంచి సగం మంది రానే రారు. సగం మంది రాని వాడకు రోడ్డు పడలేదు. మాకు వ్యతిరేకంగా వేసిన తండాకు కూడా కొంత పడింది, వచ్చేసారి తిప్పుకోవాలని. అసలు రానివాళ్ల గురించి ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు.

బూత్‌లవారీగా తెలియకుండా ఓట్లు కలిపి లెక్కపెట్టే టోటలైజర్ మిషన్ కావాలని ఎన్నికల సంఘం 2008లోనే అడిగింది. లా కమిషన్ 2015లో సరే అంది. ప్రభుత్వాలు ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకోలేదో నేను చెప్పిన రోడ్డు కథలోనే ఉంది.

ఇంకో సంగతి. అందరూ ఎమ్మెల్యే, ఎంపీల గురించే మాట్లాడుతున్నారు. 2018 చట్టంతో తండాలు పంచాయతీలు అయ్యాయి. వార్డుకు వంద, రెండు వందల ఓట్లు. అక్కడ నాలుగు ఓట్ల తేడాతో గెలుస్తారు, సమానమైతే చీటీ తీస్తారు. ఎమ్మెల్యేకు కూడా 2018లో కోదాడలో మెజారిటీ 756 మాత్రమే. డిండి తమ్ముడూ, ప్రభుత్వం మీద కోపంతో సర్పంచ్ ఓటు కూడా మానేస్తావా? మీ ఊరి బోరు మోటారు కాలితే ముందు ఎవరి దగ్గరికి పోతారు?

డిండి_కుర్రోడు (దేవరకొండ)
అక్కా, ఆ కాగితం సంగతి నాకు తెలియదు. కోపం ఇంకా పెరిగింది. రోడ్డు హక్కుగా రావాలి, ఓటు లెక్క చూసి ఇవ్వడం ఏంటి? ఇలాంటి పద్ధతికి తలవంచి పోయి లైన్లో నిలబడాలా?

ఎక్స్_వార్డుమెంబర్ (నిడమనూరు)
నీ కోపం నాకూ ఉంది. కానీ నువ్వు ఇంట్లో కూర్చుంటే ఆ పద్ధతి మారదు, నీ వాడకు రోడ్డు మాత్రం పోతుంది. నీకు ఉద్యోగం వచ్చి హైదరాబాద్‌లో స్థిరపడతావు. బురదలో నడిచేది మీ అమ్మ.

సోమశిల_అక్క (కొల్లాపూర్)
పసుపు రైతుల సంగతి ఎవరూ చెప్పలేదు. 2019లో నిజామాబాద్‌లో 185 మంది బరిలో ఉన్నారు, ఎక్కువ మంది పసుపు బోర్డు కావాలన్న రైతులే. డిపాజిట్ 25,000 అయినా చందాలు వేసుకుని నిలబడ్డారు. పంతులు సార్ చెప్పిన తలుపును తోసుకుని పోయారు. సిట్టింగ్ ఎంపీ ఓడిపోయింది. పసుపు బోర్డు ఇస్తామని ప్రధాని ప్రకటించింది మన మహబూబ్‌నగర్ సభలోనే, 2023 అక్టోబర్ 1న. నాలుగేళ్లు పట్టింది. బోర్డు వల్ల రైతుకు ధర ఎంత వస్తుందో వేరే ముచ్చట, అది ఇంకా చూడాలి. మన పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల పథకానికి 2015లో శంకుస్థాపన అయింది, పొలాలకు నీళ్ల కోసం ఇంకా ఎదురుచూస్తున్నాం. మన రైతులు అలా ఎందుకు ఒక్కటి కాలేకపోతున్నారో అదే నా దిగులు.

అమ్రాబాద్_బిడ్డ
పత్తి రైతు అన్న అడిగినదాని మీద ఆలోచించాను. ఎమ్మెల్యే ఓటు మీద నా మనసు ఇంకా మారలేదు. అందరూ ఒకేలా పార్టీలు మారుస్తుంటే ఎంచుకోవడానికి ఏముంది? కానీ పంచాయతీ ఓటు వేరే లెక్క అని ఒప్పుకుంటున్నాను. రేపు మళ్లీ యురేనియం అని వస్తే గ్రామసభ తీర్మానం కావాలి. దాని మీద సంతకం పెట్టాల్సింది సర్పంచ్. ఆ కుర్చీలో ఎవరుంటారో మాకు ముఖ్యమే. అక్కడ వేస్తాను.

డిండి_కుర్రోడు (దేవరకొండ)
నాకు నమ్మకం అయితే రాలేదు. ఈ చర్చ తర్వాత కూడా రాలేదు, అబద్ధం చెప్పను. మా బూత్ ఫారం 20 మాత్రం ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో వెతికి తీశాను. నాన్నకు ఫోన్ చేసి చదివి వినిపించాను. మా వాడలో ఎంతమంది వేయలేదో విని ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక్కొక్క ఇంటి పేరు చెప్పడం మొదలుపెట్టాడు. వీళ్లు పుణె పోయారు, వీళ్లు సూరత్, ఈమె చనిపోయింది పేరు తీయలేదు. కోస్గి అన్న చెప్పిందే మా దగ్గర కూడా. కోపంతో మానేసినవాళ్లు నాలాంటి ఇద్దరు ముగ్గురే.

వచ్చే గ్రామసభకు ఊరికి పోతాను. చనిపోయినవాళ్ల పేర్లు తీయించడం, వలస పోయినవాళ్ల నంబర్లు రాసుకోవడం, అది చేస్తాను. ఓటు సంగతి అప్పుడు చూస్తాను.

కోస్గి_మేస్త్రి (ఇప్పుడు ముంబై)
మంచి పని తమ్ముడూ. లా తమ్ముడిని ఒకటి అడగాలి. మా పెద్దబిడ్డ ఊళ్లో అమ్మమ్మ దగ్గర ఉంటుంది. మార్చిలో 18 నిండుతాయి. ఓటర్ల జాబితా చూసే బీఎల్‌ఓను (బూత్ లెవల్ ఆఫీసర్) అడిగితే జనవరి తర్వాత రమ్మంటున్నాడు. నిజమేనా? ఇంకా, నా ఓటు ముంబైకి మార్చుకుంటే ఊళ్లో రేషన్ కార్డు పోతుందని మా వాళ్లు అంటున్నారు. దాని సంగతి కూడా చెప్పు.

లా_స్టూడెంట్ (నల్లగొండ)
అన్నా, అది పాత పద్ధతి. ఇంతకు ముందు జనవరి 1 ఒక్కటే లెక్క. 2022 నుంచి నాలుగు తేదీలు పెట్టారు: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1. మార్చిలో 18 నిండితే ఏప్రిల్ 1 లెక్కలో వస్తుంది. 17 దాటితే ముందుగానే ఫారం 6 ఇచ్చి పెట్టొచ్చు. ఆన్‌లైన్‌లో కూడా అవుతుంది, బీఎల్‌ఓ కోసం ఆగక్కర్లేదు. పుట్టినతేదీకి టెన్త్ మెమో చాలు, ఫొటో ఒకటి, ఉండే చిరునామాకు ఆధార్.

రేషన్ కార్డుకూ ఓటుకూ చట్టంలో లింకు లేదు. మార్చుకోవడానికి ఫారం 8. కానీ మార్చుకున్నాక ఊళ్లో సర్పంచ్ ఓటు ఉండదు, అది ఆలోచించుకోండి. అమ్మాయి ఫారం నింపేటప్పుడు ఎక్కడైనా ఆగిపోతే ఇక్కడే అడగమనండి, చూసి చెప్తాను.